బెంచీ కింద కాళ్లు

గిరక ఏదో ఒకరోజు తన మొహంలోకి చూడకుండా "పర్వాలేదులే అమ్మా" అంటుందేమోనన్నదే ఆమెకి అన్నిటికన్నా పెద్ద భయం.

జ్వరాలూ, రోడ్డు దాటడాలూ, కుక్కలూ లాంటి భయాలు ఆమెకి లేక కాదు. అవి ఏ తల్లికైనా ఉండేవే, ఈమెకి ఇంకో పిడికెడు ఎక్కువ. పిల్ల బడినుంచి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, చేతిలో ఉన్న గుడ్డ పక్కన పడేసి గుమ్మంలోకొచ్చి నిలబడే రకం. కానీ వాటికి మందో మాకో ఉంటుంది. "పర్వాలేదులే" అన్న మాటకి లేదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. ఎందుకంటే ఆ మాట అనే ఆమె బడి మానేసింది.

అప్పుడామె ఎనిమిదో తరగతి. అమ్మకి ఆపరేషనైంది, తమ్ముడింకా చంక దిగనివాడు. నాన్న రెండుమూడు రోజులు ఏదో చెప్పబోయి మానేసి, మళ్లీ చెప్పబోయి మానేసి, చివరికి చెప్పులు విప్పుకుంటూ అన్నాడు: "ఈ ఒక్క ఏడూ ఇంటిపట్టున ఉండు తల్లీ. వచ్చే ఏడాది మళ్లీ చేర్పిస్తా." ఆమె గోడకేసి చూస్తూ "పర్వాలేదులే నాన్నా" అంది. నాన్న హమ్మయ్య అనుకున్నాడు. వచ్చే ఏడాది వచ్చింది, వెళ్లింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. పర్వాలేదన్న పిల్లని మళ్లీ ఎవరడుగుతారు?

ఇప్పుడామెకి ముప్పై రెండు. బడి యూనిఫారాలు కుట్టే షాపులో పని. ఆ షాపులో మిషన్లు అయిదు. కత్తెర పట్టేది మాస్టరు. ఆయన కళ్లజోడు ముక్కు చివర వేలాడడమే తప్ప ఏనాడూ పైకెక్కింది లేదు. కాజాలు కుట్టే ఆవిడని అందరూ కాజాలక్క అంటారు. ఈమెది అంచుల పని. స్కర్టులకీ ప్యాంట్లకీ కింద అంచు మడిచి కుట్టడం. పెరిగే పిల్లలు కదా, లోపల నాలుగు వేళ్ల బట్ట మడిచి దాస్తారు. ఏడాది తిరిగేసరికి పిల్లలు మళ్లీ వచ్చి స్టూలెక్కి నిలబడతారు. ఆమె నేలమీద కూర్చుని పాత కుట్టు విప్పి, మడత దించి, గుండుసూదులు గుచ్చి కొలత చూస్తుంది. ఎంత ఇస్త్రీ చేసినా పాత మడత ఉన్నచోట ఒక గీత మిగిలిపోతుంది. ఆ గీతలు చూసి ఏ పిల్ల ఏ ఏడు ఎంత పెరిగిందో చెప్పేస్తుంది ఆమె. ఆ చుట్టుపక్కల పిల్లల్లో సగంమంది మొహాలు ఆమెకి గుర్తుండవు. కాళ్లు మాత్రం గుర్తుంటాయి. ఫోన్లో వాళ్ల అమ్మల నంబర్లు కూడా అలాగే రాసుకుంది: "మోకాలి మచ్చ", "సన్నకాళ్లు ఎనిమిదో తరగతి", "లేసు కట్టుకోదు".

గిరక ఆమె కూతురు. నడక వచ్చిన రోజునుంచీ ఒకచోట నిలవక గిరగిరా తిరుగుతుంటే, లారీ తోలే నాన్న పెట్టిన పేరు. ఆయన వారానికోసారి ఇల్లు చేరి, పిల్లని ఒకసారి గాల్లోకి ఎగరేసి, మళ్లీ లారీ ఎక్కేవాడు. ఇప్పుడు ఎగరేసే వయసు దాటింది కాబట్టి నెత్తిన ఒక మొట్టికాయ వేసి ఎక్కుతున్నాడు. గిరక ఈ ఏడు ఎనిమిదిలోకి వచ్చింది. దాని పుస్తకాలకి అట్టలు వేస్తూ ఆమె ఒక్కోటీ తెరిచి చూసింది. ఇంతవరకూ కూతురు చదివిన పాఠాలన్నీ తనకీ ఎంతోకొంత తెలిసినవే. ఇక ముందు పేజీలు ఆమె ఎప్పుడూ తిప్పనివి.

ఆ ఏడే బడిలో డ్రాయింగు సారు పిల్లలచేత సినిమాలు తీయిస్తానన్నారు. సినిమా అంటే పది నిమిషాలది. చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి పోటీ. గిరకా, దాని పక్కబెంచీ గంటా జట్టు కట్టారు. గంట అసలు పేరు బడి రిజిస్టర్లో ఉంటుంది, పిలిచేవాళ్లు లేరు. పొద్దున ప్రార్థన నుంచి సాయంత్రం బెల్లు దాకా నోరు మూతపడదు కాబట్టి గంట. గిరక ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తల్లిదే. పొద్దునపూట గిరక బడికి పట్టుకుపోయేది, మధ్యాహ్నం తినే వేళకి షాపుకి పరిగెత్తుకొచ్చి ఇచ్చేసి పోయేది. ఏం తీస్తున్నారో ఆమె అడగలేదు. అడిగితే అర్థం కానిది చెబుతుందేమోనని కొంచెం బెరుకు.

ఒక సాయంత్రం గిన్నెలు తోముతుంటే వెనకాల నుంచి ప్రశ్న వచ్చింది.

"అమ్మా, పదేళ్లప్పుడు నువ్వేమవ్వాలనుకున్నావ్?"

"పదేళ్లప్పుడా? పదకొండేళ్ల దాన్నవ్వాలనుకున్నా. ఆ గరిటె ఇలా అందుకో."

"నిజం చెప్పమ్మా. సినిమాకి."

"మీ సినిమాలో ముసలమ్మ వేషానికి నేనే దొరికానా? లెక్కలు చేసుకున్నావా?"

"ముప్పై రెండులోంచి పది తీసేస్తే ఇరవై రెండు. ఇరవై రెండేళ్ల కిందటి మాట అడుగుతున్నా. ఇది లెక్కే."

"నోరు చూడు. ఆ గంటతో తిరిగి తిరిగి నీకూ అంటుకుంది. వెళ్లు, వెళ్లి పుస్తకం తియ్."

జవాబు లేక కాదు. గొంతుదాకా వచ్చింది. అది బయటికొస్తే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో తెలీక గిన్నె మరికాస్త గట్టిగా తోమింది.

ఆ వారంలోనే క్లాసు టీచరు ఇంటికి కాగితం పంపింది. లెక్కల్లో మార్కులు తగ్గినవాళ్లకి సాయంత్రం ప్రత్యేక తరగతి. డ్రాయింగు సారు దగ్గర సినిమా తరగతీ అప్పుడే. రెండిట్లో ఏది కావాలో తల్లిదండ్రులు సంతకం చేసి పంపాలి. సినిమా అయితే మార్కుల విషయంలో పూర్తి బాధ్యత మీదే, అని చివర ఉంది. ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివింది. "పూర్తి బాధ్యత" దగ్గర రెండుసార్లూ ఆగింది. తనకి తెలీని పాఠాలకి తను ఎలా బాధ్యత? సంతకం చేయనూ లేక, చేయకుండా ఉండనూ లేక, మిషను సొరుగులో బాబిన్ల కింద పెట్టేసింది.

గంట వాళ్ల నాన్న మాత్రం ఆ రోజే ప్రత్యేక తరగతి దగ్గర సంతకం గీకి పంపించేశాడు. గిరక ఒంటరిదైంది. అయినా తీస్తూనే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం. షాపులో అయిదు మిషన్లూ ఒకేసారి కదులుతున్నాయి. వేరే బడినుంచి కొలతల కాగితాలు ఫోటోలు తీసి పంపుతామన్నారు, నలభై మందివి. ఫోనేమో ఖాళీ లేదు, ఖాళీ లేదు అని ఒకటే గోల.

"అంచులమ్మాయ్, కొలతలొచ్చాయా?" మాస్టరు కత్తెర గాల్లో పెట్టి అడిగాడు.

"ఒక్క నిమిషం మాస్టారూ, ఫోన్లో చోటు లేదంటోంది."

"చోటు చెయ్యి మరి. బట్ట పరిచి కూర్చున్నా ఇక్కడ."

ఆమె ఫోటోలు ఉన్నచోట తెరిచింది. పైన అన్నీ వీడియోలే. ఒకటి చూసింది: బెంచీ కింద కాళ్లు. ఇంకోటి: ఇంకెవరివో కాళ్లు, ఊపుకుంటూ. ఇంకోటి: లేసు ఊడిన బూటు. తిరుగుతున్న ఫ్యాను. తడి వరండా. మళ్లీ కాళ్లు. ఒక్కదాంట్లోనైనా మొహం లేదు. మిషన్ల చప్పుడులో మాటలు వినపడే వీలు లేదు, పైగా పని వేళ ఫోను నోరు మూసి ఉంచడం ఆమెకి అలవాటు. పాపం, పిల్లకి ఫోను పట్టుకోవడం కూడా రాలేదు, మొహాలు తియ్యబోతే కిందకి జారిపోయినట్టుంది, అనుకుని నవ్వుకుంది కూడా. వరసగా గుర్తుపెట్టి, ఇరవై ఆరు, తీసేసింది. ఇంకా ఖాళీ లేదంది ఫోను. తీసేసినవి చెత్తబుట్టలో ఉన్నాయి, అదీ ఖాళీ చేయమంటారా, అని అడిగింది. చేయమంది.

కొలతలొచ్చాయి. మాస్టరు కత్తెర ఆడించాడు.

ఆ సాయంత్రం గిరక ఫోను తీసుకుని, పైకీ కిందకీ జరిపింది. మళ్లీ జరిపింది.

"అమ్మా. ఇందులో వీడియోలేవి?"

"ఏ వీడియోలు? ఆ కాళ్లవా? తప్పు నొక్కుళ్లనుకుని తీసేశానే. అన్నీ కాళ్లే ఉంటేనూ…"

"కాళ్లేనమ్మా సినిమా."

ఆమె చేతిలోని తువ్వాలు అలాగే ఉండిపోయింది.

గిరక మెల్లగా చెప్పింది, ఎవరో వేరేవాళ్ల సంగతి చెప్పినట్టు. చిన్నప్పుడు నువ్వేమవ్వాలనుకున్నావ్ అని క్లాసులో ఒక్కొక్కళ్లనీ అడిగారట ఇద్దరూ. "మొహానికి కెమెరా పెడితే అందరూ డాక్టరు, ఇంజినీరు అని అప్పచెప్తున్నారమ్మా. కాళ్లకి పెడితే నిజం చెప్తున్నారు. కాళ్లకి ఆ తెలివి లేదు." అందులో గంట ఒక్కతే నాలుగు నిమిషాలు మాట్లాడిందట. చేపల డాక్టరు అవుతానందట. చేపకి ఒంట్లో బాగాలేదని ఎలా తెలుస్తుంది, నీళ్లలో ఉన్నదానికి మందు పూస్తే కరిగిపోదా, మాత్ర మింగించాలంటే ఎలా, అన్నిటికీ దాని దగ్గర జవాబులున్నాయట. "చెప్తున్నంతసేపూ ఎడమ కాలు ఈతకొట్టినట్టు ఆడిస్తూనే ఉంది. అదే మొదటి సీను." ఆ మర్నాటి నుంచే దాన్ని ప్రత్యేక తరగతికి పంపారు.

"ఎప్పటికివ్వాలి?"

"సోమవారం."

"మళ్లీ తీద్దాం తల్లీ. రేపు…"

"రేపు బడి లేదు. సోమవారం పొద్దున్నే లెక్కల పరీక్ష." గిరక ఫోను గూట్లో పెట్టింది. లెక్కల పుస్తకం తీసి గోడవైపు తిరిగి కూర్చుంది. "పర్వాలేదులే అమ్మా."

అరవలేదు, ఏడవలేదు. కాళ్లు నేలకేసి కొడుతుందేమో, కనీసం తలుపైనా గట్టిగా వేస్తుందేమో అని ఆమె చూసింది. ఏమీ లేదు. పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. పద్దెనిమిదేళ్ల కిందటి గోడ, ఆ గోడమీది పెచ్చు, చెప్పులు విప్పుతున్న నాన్న, అన్నీ వచ్చి ఆ గదిలో నిలబడ్డాయి.

శనివారం పొద్దున్నే ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి పరిగెత్తింది. వాడు ఫోను అటూ ఇటూ తిప్పి, "చెత్తబుట్ట కూడా ఖాళీ చేశారా అక్కా?" అన్నాడు.

"చేశాను బాబూ."

"ఊడ్చినచోటే మళ్లీ ఊడ్చారన్నమాట. మరీ అంత శుభ్రమైతే ఎలాగక్కా?"

షాపులో ఆ రోజు కుట్టిన అంచులన్నీ వంకర. మాస్టరు ఒక ప్యాంటు ఎత్తి చూసి, "ఒక కాలు పొడుగున్న పిల్లాడెవరైనా చేరాడా ఆ బడిలో?" అన్నాడు. ఆమె ముక్కు ఎగబీల్చింది. కాజాలక్క సూది నోట్లోంచి తీసి, సంగతేమిటో మొత్తం చెప్పేదాకా వదల్లేదు. విన్నాక పెదవి విరిచింది.

"ఓసి పిచ్చిదానా. పోయినవి కాళ్లేనా? నేనింకా ఏ నగలో పోయాయనుకున్నా."

"నీకు నవ్వులాటగా ఉందక్కా."

"లేదే పిల్లా. కాళ్లు ఎక్కడ దొరుకుతాయో మన షాపులో నీకంటే బాగా ఎవరికి తెలుసు? పొద్దస్తమానం నీ కళ్లముందు నిలబడేవి అవేగా."

ఆమె స్టూలుకేసి చూసింది. రంగు పోయి, మధ్యలో పిల్లల పాదాలకి అరిగి గుంటపడిన స్టూలు. దానిమీద నిలబడినప్పుడు పిల్లలు ఎంత మాట్లాడతారు! కిందనుంచి సూదులు గుచ్చే మనిషి మొహం వాళ్లకి కనబడదు, వాళ్ల మొహం ఈమెకి కనబడదు. ఇంట్లో చెప్పనివి చెబుతారు. విరిగిన పెన్నుల సంగతి, కనబడకుండా దాచిన మార్కుల కాగితాల సంగతి. ఇన్నేళ్లూ నోట్లో సూదులు పెట్టుకుని ఊ కొడుతూ వినేసింది, అంతే.

"మాస్టారూ, రేపు ఆదివారం షాపు తాళం ఇస్తారా?"

"ఎందుకు?"

"గిరక క్లాసు పిల్లలకి అంచులు దించుతా. ఊరికే."

మాస్టరు కళ్లజోడు మొట్టమొదటిసారి ముక్కు మీదకి ఎక్కింది. "ఊరికేనా? ఒంట్లో బాగానే ఉందా అంచులమ్మాయ్?" బొడ్డులో దోపుకున్న తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు. "వెళ్లేటప్పుడు మిషన్ల మీద గుడ్డ కప్పి వెళ్లు."

ఇంటికెళ్లాక "మోకాలి మచ్చ"కి మొదలుపెట్టి "లేసు కట్టుకోదు" దాకా అందరికీ ఫోన్లు చేసింది. గంట వాళ్ల నాన్నకి చేసేటప్పుడు మాత్రం కాస్త నీళ్లు నమిలింది. ఆయన, "ఊరికేనా? సరే, పది నిమిషాలు. దానికి ట్యూషనుంది," అన్నాడు.

ఆదివారం పొద్దున గిరకని షాపుకి రమ్మంటే లేవలేదు. పుస్తకం ముందే కూర్చుంది.

"పర్వాలేదన్నాగా అమ్మా."

"అబద్ధం. ఆ మాటన్నప్పుడు నువ్వు గోడకేసి చూశావు. లే. చెప్పులేసుకో. ఫోను నిండా చార్జింగు పెట్టా."

పధ్నాలుగు మంది వచ్చారు. ఆమె నేలమీద కూర్చుంది. గిరక ఆమె పక్కన బోర్లా పడుకుని ఫోను నేలకి ఆనించి పెట్టింది. మొదటి రెండు నిమిషాలు మూతి ముడుచుకునే ఉంది. రోడ్ల మీద తెల్లగీతలు గీసేవాణ్ని అవుదామనుకున్నా, ఆ బ్రష్షు ఎంత పెద్దదో అని ఒకడు చేతులు చాచి చూపించబోయి స్టూలు మీంచి పడబోయేసరికి కిసుక్కున నవ్వింది. ఇంకొకడు లిఫ్టులో కాపురం ఉందామనుకున్నాడట, రోజుకో అంతస్తు. సన్నకాళ్ల పిల్లకి ఐస్‌క్రీం బండిలో పాట పెట్టే పని కావాలట. ఐస్‌క్రీం అమ్మడం కాదు, పాట పెట్టడం ఒక్కటే.

"మరి ఇప్పుడు?" సూది గుచ్చుతూ అడిగింది ఆమె.

సన్నకాళ్లు ఊగడం ఆగాయి. "ఇప్పుడా? ఇప్పుడు ర్యాంకు ఆంటీ."

గిరక గాలి పీల్చడం కూడా ఆపి అది తీసింది.

గంట ఆఖర్న వచ్చింది. బయట స్కూటరు ఆపకుండానే వాళ్ల నాన్న హారను కొడుతున్నాడు. స్టూలెక్కింది. ఆమె ఆ పిల్ల స్కర్టు అంచు తిరగేసి చూసింది. అంచు పైన రెండు గీతలు. రెండేళ్లుగా తనే దించింది. లోపల ఇక మడతే లేదు.

"ఏమే గంటా, ఇంత పొడుగైపోతే ఎలాగే? చెప్పు, చిన్నప్పుడు ఏమవ్వాలనుకున్నావ్?"

ఆమె గంట ఎడమ కాలికేసి చూసింది. అది కుడికాలి పక్కన బుద్ధిగా ఆనుకుని ఉంది.

"గుర్తులేదు ఆంటీ."

"చేపలేవో…" అంది గిరక కిందనుంచి.

"అదా. ఊరికే అన్నాలే అప్పుడు." హారను మళ్లీ మోగింది. "ఎక్కువసేపు పడుతుందా ఆంటీ? పొట్టిగా ఉన్నా ఫర్లేదు. పర్వాలేదులే."

ఆమె చేతిలో సూది వేలికి దిగింది. రక్తం చుక్క గుడ్డకి అంటకుండా వేలు నోట్లో పెట్టుకుంది. ఆ పిల్ల నోట్లోంచి నాలుగు నిమిషాల పాటు వచ్చిన మాటలు తన చేత్తోనే పోయాయి. ఇప్పుడు ఆ పిల్లకే అవి గుర్తులేవు. లేచి ముక్కల సంచి వెతికింది. అదే నీలం దొరకలేదు, కాస్త ముదురుది దొరికింది. ఆరు వేళ్ల వెడల్పు పట్టీ కత్తిరించి, రెండు వేళ్లు మాత్రం బయటికి కనబడేలా స్కర్టు కింద అతికి కుట్టింది. మిగతా నాలుగు వేళ్ల బట్టా ఎప్పటిలాగే లోపల మడిచి దాచింది.

పిల్లలంతా వెళ్లిపోయాక మిషన్ల మీద గుడ్డలు కప్పుతుంటే గిరక అంది, "అమ్మా, ఇప్పుడు నువ్వెక్కు."

"నాకేం అంచులున్నాయే?"

"ఎక్కమ్మా."

ఎక్కింది. అన్నేళ్లుగా ఆ షాపులో పనిచేస్తూ ఆ స్టూలు ఎక్కడం ఆమెకి అదే మొదటిసారి. అక్కణ్నించి చూస్తే షాపు వేరేగా ఉంది. కింద నేలమీద గిరక నడినెత్తి పాపిడి, ఫోను కనిపించాయి. మడమల పగుళ్లు సినిమాలో పడతాయేమోనని పాదాలు ఒకదాని వెనక ఒకటి దాచబోయింది.

"కదలకు. పదేళ్లప్పుడు నువ్వేమవ్వాలనుకున్నావ్?"

"మా ఇల్లు బస్టాండు వెనకాల ఉండేది," అంది ఆమె. "మైకులో ఒకావిడ గొంతు వినపడేది. ఫలానా బస్సు ఫలానా చోట ఉంది అని. ఎప్పుడూ మొహం చూడలేదు. అంతమందిని ఎక్కడికెక్కడికో పంపించేది, తను మాత్రం అక్కడే కూర్చుని. నాకు ఆవిడనవ్వాలని ఉండేది. స్టీలు గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని అరిచేదాన్ని. అమ్మమ్మ ఇంటికి వెళ్లు బస్సు, చందమామకి వెళ్లు బస్సు. మా నాన్న నవ్వేవాడు."

గిరక లేచి, కుండ పక్కనున్న గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చి, మళ్లీ నేలమీద పడుకుంది.

ఆమె గ్లాసు నోటికి పెట్టుకుంది. మొదట గాలే వచ్చింది. తర్వాత గొంతు వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఎక్కడ దాక్కుందో, గుండ్రంగా, గంభీరంగా, స్టీలు వాసనతో వచ్చింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. వచ్చే ఏడాదికి వెళ్లవలసిన బస్సు… పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా నడుస్తున్నది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి… చింతిస్తున్నాము."

కుడి పాదం బొటనవేలు స్టూలు గుంటలో మెల్లగా గీస్తూ ఉండిపోయింది. గిరక ఫోను ఆపలేదు.

సోమవారం పొద్దున మిషను సొరుగులోంచి కాగితం తీసి, మరోసారి మొత్తం చదివి, సినిమా దగ్గర సంతకం చేసింది. "పూర్తి బాధ్యత" కింద వేలు పెట్టి చూసుకుని, తన పేరు అక్షరం అక్షరం విడివిడిగా రాసింది.

నెల తర్వాత ఒక పెద్ద బడి హాల్లో సినిమాలన్నీ వేశారు. ఆమె చివరి వరసలో కూర్చుంది. తెర నిండా కాళ్లు. తన పగుళ్ల పాదాలు తలుపంత పెద్దవిగా కనబడేసరికి తల దించుకుంది. గొంతు వినపడేసరికి ఎత్తింది. హాల్లో ఎవరో నవ్వారు, ఇంకెవరో ఉష్ అన్నారు. లెక్కల్లో గిరకకి ముప్పై ఒకటి వచ్చాయి, యాభైకి. సినిమాకి బహుమతి రాలేదు. జడ్జీలు, ఆలోచన బాగుంది గానీ పిల్లల మొహాలు ఒక్కటీ లేకపోవడం లోపం అన్నారట.

ఇంటికొచ్చాక ఆమె గుండె చిక్కబట్టుకుని కూతురి మొహంకేసి చూసింది. పోనీలే తల్లీ అనబోయింది.

"మొహాలు లేవంట!" గిరక సంచి విసిరికొట్టింది. "కాళ్లు మాట్లాడుతుంటే వినపడలేదా వాళ్లకి? పోనీలే అనకు నువ్వు. అస్సలు అనకు. వచ్చే ఏడు చేతులతో తీస్తా, ఏం చేస్తారో చూస్తా!" గదిలో గిరగిరా మూడుసార్లు తిరిగింది. తలుపు ధడేలున వేసింది. గోడ అదిరింది.

ఆమె తలుపు ఇవతల నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ చప్పుడంత హాయిగా ఆమెకి ఏ పాటా అనిపించలేదు.

గంట ఆ సినిమా చూడలేదు. ఆ పాటికే వాళ్ల నాన్న బదిలీ మీద వేరే చోటికి వెళ్లిపోయాడు. పిల్లని ఎక్కడో హాస్టలు బడిలో వేశారట. ఏ ఊరో, ఏ బడో కనుక్కుందామని వాళ్లకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. అక్కడా నీలం స్కర్టే కాబట్టి పాతవే పట్టుకెళ్లిందని మాత్రం క్లాసు పిల్లలు చెప్పారు. ఇప్పటికీ షాపులో కొత్త పిల్ల స్టూలెక్కితే, ఆమె ముందు అంచు తిరగేసి చూస్తుంది.

అందుకని ఇది చదివే మీకో మాట. మీ వీధిలోనో, మీరు రోజూ దాటిపోయే బడి గేటు దగ్గరో, నీలం స్కర్టు కింద రెండు వేళ్ల ముదురు నీలం పట్టీ, దాని పైన రెండు పాత మడత గీతలు ఉన్న పిల్ల కనబడితే, ఒక్కసారి ఆగండి. ఎలా ఉందో చూడండి. చేపకి మాత్ర ఎలా మింగిస్తారని అడగండి. పర్వాలేదులే అని మొహం తిప్పుకుంటే వెంటనే వెళ్లిపోకండి. పక్కన కాసేపు కూర్చుని, ఎడమ కాలు కదులుతుందేమో చూడండి. పట్టీ లోపల ఇంకా నాలుగు వేళ్ల బట్ట ఉందని కూడా ఆ పిల్లకి చెప్పండి.